గ్రహణం కోసం ఎదురుచూడని శాస్త్రవేత్త – బెర్నార్డ్ లియో

మన తరగతిలో పదిమందిని నిలబెట్టి ఇంతకుముందు ఎక్కడెక్కడ చదివారని అడిగితే భారతదేశ పటంలో సగం ఊళ్ళు వచ్చేస్తాయి. లేహ్, జైసల్మేర్, షిల్లాంగ్, విశాఖపట్నం, ఢిల్లీ... అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మనకు ఊరు మారుతుంది, బడి మారుతుంది, చుట్టూ వినిపించే భాష మారుతుంది. వీటితోపాటు ఇంకొకటి కూడా మారుతుంది. అది ఆకాశం రంగు. లేహ్‌లాంటి ఎత్తైన చోట పగటి ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. మైదానంలోని పెద్ద నగరానికి వచ్చేసరికి అదే ఆకాశం పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. ముఖ్యంగా సూర్యుడి చుట్టుపక్కల ఈ తెల్లదనం బాగా ఎక్కువ. గాలిలో ఉండే దుమ్ము, పొగ, సన్నని నీటి బిందువులు సూర్యకాంతిని అన్ని వైపులా చెదరగొట్టడమే దీనికి కారణం.

ఈ చెదిరిన కాంతి మనకు పెద్ద ఇబ్బందేమీ కలిగించదు. కానీ ఖగోళ శాస్త్రవేత్తలకు అది ఎన్నో ఏళ్ళపాటు తెరలా అడ్డు నిలిచింది. ఆ తెర వెనక దాగినది సూర్యుడి కరోనా. కరోనా అంటే కిరీటం. సూర్యుడి చుట్టూ లక్షల కిలోమీటర్ల దూరం వరకు వ్యాపించి ఉండే పలుచని వాయువుల పొర ఇది. సూర్యబింబానికి దగ్గరగా ఉన్నచోట కూడా కరోనా వెలుగు ఆ బింబం వెలుగులో 10 లక్షల్లో 1 వంతు మాత్రమే. సంపూర్ణ సూర్యగ్రహణం రోజున చంద్రుడు బింబాన్ని పూర్తిగా కప్పేసినప్పుడు ముత్యాల రంగులో మెరుస్తూ అది కంటికి కనిపిస్తుంది. సంపూర్ణ దశ ఎక్కడైనా సరే 8 నిమిషాలు మించదు. చాలాసార్లు రెండు మూడు నిమిషాలే. ఆ కాస్త సమయం కోసం శాస్త్రవేత్తలు ఓడల్లో నెలల తరబడి ప్రయాణించేవారు. తీరా ఆ నిమిషంలో ఒక మేఘం అడ్డొస్తే అంత శ్రమా వృథా.

అలా ప్రయాణించి వచ్చిన ఒక శాస్త్రవేత్త మన గుంటూరు చేరారు. ఆయన ఫ్రాన్స్‌కు చెందిన జూల్స్ జాన్సెన్. 1868 ఆగస్టు 18న గుంటూరులో ఆయన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూశారు. సూర్యుడి అంచున లేచే ఎర్రని జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో రంగులుగా విడదీసి పరిశీలించారు. ఆ రంగుల గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేనప్పుడు కూడా వీటిని చూడవచ్చని ఆయనకు తట్టింది. మర్నాడు అదే గుంటూరులో పూర్తి ఎండలో ప్రయత్నించి చూడగలిగారు. జ్వాలల కాంతి కొన్ని రంగుల్లోనే గుమిగూడి ఉంటుంది. చెదిరిన ఆకాశపు కాంతి అన్ని రంగుల్లోకీ పరుచుకుని పలచబడుతుంది. అందుకే ఈ ఉపాయం పనిచేసింది.

కరోనా విషయంలో మాత్రం ఈ ఉపాయం సాగలేదు. కరోనా వెలుగులో ఎక్కువ భాగం తెల్లని కాంతే. దాన్ని ఎంత విడదీసినా ఆకాశపు కాంతిలో కలిసిపోతుంది. ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ 1880ల్లో ప్రయత్నించారు. అమెరికాలో జార్జ్ హేల్ 1893లో పైక్స్ పీక్ అనే ఎత్తైన కొండ మీదికి పరికరాలు మోసుకెళ్ళి ప్రయత్నించారు. ఇద్దరికీ నిరాశే మిగిలింది. గ్రహణం లేకుండా కరోనాను చూడటం జరగని పని అనే నమ్మకం బలపడింది. జాన్సెన్ తర్వాత పారిస్ దగ్గర మ్యూడాన్ అనే చోట ఒక వేధశాలను స్థాపించారు. గుంటూరులో సగం తీరిన చిక్కుముడిని పూర్తిగా విప్పిన వ్యక్తి, జాన్సెన్ మరణించిన చాలా ఏళ్ళకు, ఆ వేధశాల నుంచే వచ్చారు. ఆయనే బెర్నార్డ్ లియో.

లియో 1897 ఫిబ్రవరి 27న పారిస్‌లో జన్మించారు. తండ్రి శస్త్రవైద్యుడు. లియోకు చిన్నప్పటి నుంచీ పరికరాలు తయారుచేయడం ఇష్టం. కుర్రతనంలోనే ఒక చిన్న టెలిస్కోపు సంపాదించి ఆకాశాన్ని చూడటం మొదలుపెట్టారు. ఆయన చదివింది మాత్రం ఖగోళశాస్త్రం కాదు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. చదువయ్యాక పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ఆల్ఫ్రెడ్ పెరో అనే భౌతిక శాస్త్రవేత్తకు సహాయకుడిగా చేరారు. 1920లో మ్యూడాన్ వేధశాలలోనూ పని ప్రారంభించారు. ఇంజనీరు చేతులు, ఖగోళ శాస్త్రవేత్త కళ్ళు ఒకే మనిషిలో కలిసినట్టయింది.

మొదట ఆయన గ్రహాల నుంచి వచ్చే కాంతి మీద పరిశోధన చేశారు. ఒక ఉపరితలం మీద పడి తిరిగి వచ్చిన కాంతి కొంతమేర ఒకే దిశలో కంపిస్తుంది. దీనినే ధ్రువణం అంటారు. ఆ ధ్రువణం ఎంత ఉందో కొలిస్తే కాంతి ఎలాంటి పదార్థం మీద పడి వచ్చిందో ఊహించవచ్చు. ధ్రువణం 1000లో 1 వంతు ఉన్నా పట్టుకోగల సున్నితమైన పరికరాన్ని లియో స్వయంగా తయారుచేశారు. దానితో చంద్రుడి నేల అగ్నిపర్వతాల బూడిదలాంటి పొడితో కప్పబడి ఉందని గ్రహించారు. మనిషి చంద్రుడి మీద అడుగుపెట్టడానికి 40 ఏళ్ళ ముందు మాట ఇది. 1929లో ఈ పరిశోధనకు ఆయనకు డాక్టరేట్ వచ్చింది.

అంత బలహీనమైన కాంతిని కొలిచే అలవాటు ఉన్న లియో కరోనా సమస్యను కొత్తగా చూశారు. అప్పటివరకు చాలామంది తప్పంతా ఆకాశానిదే అనుకున్నారు. లియో మాత్రం తప్పులో కొంత టెలిస్కోపుదే అయి ఉండవచ్చని అనుమానించారు. ఆ అనుమానాన్ని అక్కడితో వదలకుండా పరీక్షించారు. టెలిస్కోపు లోపల సూర్యుడి ప్రతిబింబం ఏర్పడే చోట దాన్ని సరిగ్గా కప్పేలా ఒక లోహపు బిళ్ళను అమర్చారు. అంటే చంద్రుడి పనిని ఆ బిళ్ళకు అప్పగించారు. నిజానికి అప్పుడు బిళ్ళ వెనక అంతా చీకటిగా ఉండాలి. కానీ అక్కడి నుంచి చూస్తే ముందున్న లెన్సే మెరుస్తూ కనిపించింది.

ఆ మెరుపును పట్టి పట్టి చూస్తే దోషులు ఒక్కొక్కరే బయటపడ్డారు. గాజు మీద ఉన్న దుమ్ము కణాలు చుక్కల్లా మెరిశాయి. గాజు లోపలి సన్నని గాలిబుడగలు మెరిశాయి. పాలిష్ చేసినప్పుడు పడిన కంటికి ఆనని గీతలు మెరిశాయి. లెన్సు అంచు చుట్టూ ఒక వెలుగు వలయం కనిపించింది. అంచు దగ్గర కాంతి వంగి పక్కలకు పోవడం, అంటే వివర్తనం, దానికి కారణం. లెన్సు రెండు ముఖాల మధ్య అటూ ఇటూ పరావర్తనం చెందిన కాంతి మధ్యలో ఒక చుక్కగా చేరింది. విడివిడిగా చూస్తే ఇవన్నీ చాలా చిన్న లోపాలు. రాత్రిపూట నక్షత్రాలను చూసేవారికి వీటితో పనేలేదు. కానీ 10 లక్షల్లో 1 వంతు వెలుగు ఉన్న దాన్ని చూడాలంటే ఈ చిన్న లోపాలే కరోనాను ముంచెత్తే వరదలు.

లియో ఒక్కో దోషానికి ఒక్కో మందు వెతికారు. మామూలు టెలిస్కోపుల్లో రంగుల దోషం రాకుండా ముందువైపు రెండు లెన్సులు కలిపి వాడతారు. లియో ఒకే లెన్సు వాడారు. ముఖాలు తగ్గితే కాంతి చెదిరే చోట్లూ తగ్గుతాయి. దానివల్ల వచ్చే రంగుల దోషాన్ని వెనకవైపు లెన్సులతో సరిదిద్దారు. బుడగలు, చారలు లేని గాజును ఏరి తీసుకుని, ఒక్క గీత కూడా మిగలకుండా ఎంతో ఓర్పుగా మెరుగు పెట్టించారు. గొట్టం లోపలి గోడలకు జిగట నూనె పూశారు. లోపల తేలే దుమ్ము లెన్సు మీద వాలకుండా ఆ నూనెకు అంటుకుపోవాలని ఆయన ఆలోచన.

ఇక అంచు దగ్గరి వెలుగు వలయం మిగిలింది. లెన్సుకు అంచు లేకుండా చేయలేం కదా! ఇక్కడే లియో ప్రతిభ కనిపిస్తుంది. బిళ్ళ వెనక ఆయన ఇంకొక లెన్సు పెట్టారు. దాని పని ముందున్న లెన్సు ప్రతిబింబాన్ని ఒకచోట ఏర్పరచడం. అలా చేస్తే ఆ వెలుగు వలయం కూడా అక్కడ ఒక స్పష్టమైన ఉంగరంలా వచ్చి నిలుస్తుంది. దాని దారిలో ఉంగరం కన్నా కొంచెం చిన్న రంధ్రం ఉన్న పలక పెట్టారు. ఉంగరం పలకకు తగిలి ఆగిపోయింది. కరోనా కాంతి రంధ్రం గుండా ముందుకు సాగింది. మధ్యలోని చుక్కను ఆపడానికి రంధ్రం నడుమ ఒక చిన్న అడ్డు పెట్టారు. ఈ పలకనే ఇప్పుడు లియో స్టాప్ అంటున్నారు. అక్కర్లేని కాంతిని ఎక్కడపడితే అక్కడ తరమకుండా, అదంతా ఒకేచోట పోగయ్యేలా చేసి అక్కడ పట్టుకోవడం దీనిలోని కిటుకు. ఈ పరికరానికి కరోనాగ్రాఫ్ అనే పేరు వచ్చింది.

టెలిస్కోపు శుభ్రపడింది. ఇప్పుడు శుభ్రమైన ఆకాశం కావాలి. మ్యూడాన్ పారిస్ పక్కనే ఉంది కనుక అక్కడి ఆకాశం పనికిరాదు. లియో తన పరికరాన్ని తీసుకుని ఫ్రాన్స్‌కు దక్షిణాన పిరనీస్ పర్వతాల్లో ఉన్న పిక్ దు మిదీ వేధశాలకు వెళ్ళారు. దాని ఎత్తు సుమారు 2,870 మీటర్లు. అప్పటికి అక్కడికి రోప్‌వే లేదు. సామాను మనుషులో జంతువులో మోయవలసిందే. శీతాకాలంలో అయితే మంచు మీద స్కీలు కట్టుకుని ఎక్కాలి. అయితే అంత ఎత్తుకు చేరితే దుమ్ము, పొగ చాలావరకు కిందనే ఉండిపోతాయి. మనం లేహ్‌లో చూసే ముదురు నీలం ఆకాశం లాంటిది అక్కడ దొరుకుతుంది.

1930 వేసవిలో ఆ శిఖరం మీద లియో మామూలు పగటి వెలుగులో, గ్రహణం లేకుండా, కరోనా కాంతిని గుర్తించారు. 1931లో దాని ఫొటోలు తీశారు. జరగని పని అనుకున్నది జరిగింది. అంతకుముందు నిమిషాల్లో లెక్కపెట్టే సమయం ఇప్పుడు గంటలకు, రోజులకు పెరిగింది. సూర్యుడి జ్వాలలు లేచి, వంగి, తిరిగి పడిపోయే దృశ్యాలను ఆయన సినిమాగా తీశారు. కరోనా కదలికల చిత్రాన్ని 1938లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య సమావేశంలో ప్రదర్శించారు. అంతవరకు నిశ్చలమైన ఫొటోల్లోనే తెలిసిన కరోనా అక్కడి వారికి కదులుతూ కనిపించింది.

ఈ పరిశీలనలు ఇంకొక పెద్ద విషయానికి దారితీశాయి. కరోనా వర్ణపటంలో ఒక ఆకుపచ్చ గీత ఉంది. 1869 గ్రహణంలో దాన్ని మొదట చూసిన తర్వాత, భూమి మీద లేని కొత్త మూలకమేదో కరోనాలో ఉందనుకుని దానికి కరోనియం అని పేరు పెట్టారు. లియో కరోనా గీతలను మునుపెన్నడూ లేనంత కచ్చితంగా కొలిచారు, కొత్త గీతలనూ కనుగొన్నారు. అవి చాలా వెడల్పుగా ఉన్నాయి. వాయువు ఎంత వేడిగా ఉంటే దాని గీత అంత వెడల్పవుతుంది. 1940ల మొదట్లో స్వీడన్ శాస్త్రవేత్త బెంగ్ట్ ఎడ్లెన్ ఆ ఆకుపచ్చ గీత కొత్త మూలకానిది కాదని, 13 ఎలక్ట్రాన్లు కోల్పోయిన మామూలు ఇనుముదని తేల్చారు. ఇనుము అలా మారాలంటే 10 లక్షల డిగ్రీలకు పైగా వేడి కావాలి. సూర్యుడి ఉపరితలం మీద ఉన్నది దాదాపు 5,500 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. పొయ్యికి దూరంగా వెళ్ళేకొద్దీ వేడి పెరగడమేమిటి? ఈ ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఇప్పటికీ పూర్తి జవాబు కోసం వెతుకుతూనే ఉన్నారు.

లియో 1933లో ఇంకొక పరికరాన్ని ప్రతిపాదించారు. స్ఫటిక పలకలను, ధ్రువణ పలకలను ఒకదాని వెనక ఒకటి పేర్చి, కావలసిన ఒక్క రంగును మాత్రమే పంపే వడపోత అది. దాన్ని లియో ఫిల్టర్ అంటారు. 1939లో ఆయన ఫ్రెంచ్ సైన్స్ అకాడమీకి ఎన్నికయ్యారు. అదే ఏడాది ఇంగ్లండులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం ఆయనకు లభించింది. 1947లో బ్రూస్ పతకం వచ్చింది.

ఇంత సాధించిన లియోకు ఇక గ్రహణాలతో పనిలేదని అనుకుంటాం. కానీ తన పరికరం ఎంతవరకు చూడగలదో ఆయనకు బాగా తెలుసు. పర్వతం మీద కూడా కొంత గాలి ఉంటుంది. ఆ గాలిలో చెదిరే కాంతి వల్ల సూర్యుడికి దగ్గరగా ఉన్న కరోనా మాత్రమే కనిపించేది. దూరంగా ఉన్న పలుచని భాగం కోసం గ్రహణం రావలసిందే. అందుకే 1952 ఫిబ్రవరి 25న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఆయన ఆఫ్రికాలోని సూడాన్‌కు వెళ్ళారు. పరిశీలనలు ముగించుకుని తిరిగి వస్తుండగా ఏప్రిల్ 2న రైలులోనే గుండెపోటుతో మరణించారు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్ళు. గ్రహణం అవసరాన్ని తగ్గించిన మనిషి చివరి ప్రయాణం గ్రహణం కోసమే కావడం మనసును తాకుతుంది.

ఆయన చనిపోయిన 5 ఏళ్ళకు తొలి కృత్రిమ ఉపగ్రహం అంతరిక్షంలోకి వెళ్ళింది. అంతరిక్షంలో గాలి లేదు. కనుక సూర్యుడి పక్కన కూడా ఆకాశం నల్లగానే ఉంటుంది. ఆకాశం చేసే తప్పు అక్కడ పూర్తిగా తొలగిపోయింది. టెలిస్కోపు చేసే తప్పు మాత్రం మిగిలే ఉంది. లియో వెతికి పట్టుకున్న దోషులు అంతరిక్షానికి కూడా వెంట వస్తారు. అందువల్ల అంతరిక్ష టెలిస్కోపు తయారుచేసేవారు ఆయన దారినే నడుస్తారు. గొట్టం లోపల కాంతిని పీల్చుకునే నల్లని పూత వేస్తారు. పక్కల నుంచి దూరిన కాంతి నేరుగా లోపలికి చేరకుండా పదునైన అంచులున్న వలయాలను వరుసగా అమర్చుతారు. అద్దాలను అతి నునుపుగా మెరుగు పెడతారు. దుమ్ము కణం పడకుండా తల నుంచి కాలి వరకు కప్పుకుని, వడకట్టిన గాలి ఉన్న గదుల్లో పనిచేస్తారు. ఉపగ్రహం పైకి వెళ్ళాక అద్దం మీది దుమ్ము తుడవడానికి ఎవరూ ఉండరు కదా! 1995 డిసెంబరు 2న బయలుదేరిన సోహో అనే ఉపగ్రహంలో ఇలాంటి కరోనాగ్రాఫ్‌లు 3 ఉన్నాయి. సూర్యుడి నుంచి ఎగిసిపడే వాయు మేఘాలను గమనించడానికి వాటిని అమర్చారు. అటువంటి మేఘం భూమి వైపు వస్తే ఉపగ్రహాలకు, విద్యుత్ సరఫరాకు ప్రమాదం.

ఇప్పుడు మళ్ళీ మన తెలుగు నేలకు వద్దాం. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ57 రాకెట్ ఆదిత్య-ఎల్1ను తీసుకుని పైకి లేచింది. 2024 జనవరి 6న ఆ నౌక భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎల్1 బిందువు చుట్టూ తిరిగే కక్ష్యలో చేరింది. దానిలోని ముఖ్య పరికరం వెల్క్ అనే కరోనాగ్రాఫ్. బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ దాన్ని తయారుచేసింది. దానిలో ముందున్నది లెన్సు కాదు, అతి నునుపైన అద్దం. సూర్యబింబపు కాంతి రెండో అద్దం నడుమ ఉన్న రంధ్రం గుండా పోయి, మరో అద్దం మీద పడి నౌక బయటికి వెళ్ళిపోతుంది. కరోనా కాంతి మాత్రం లోపల ముందుకు సాగుతుంది. దాని దారిలో లియో స్టాప్ ఉంది. అది పరిశీలించే గీతల్లో ఒకటి, ఒకప్పుడు కరోనియం అని పొరపాటు పడిన ఆ ఆకుపచ్చ గీతే.

ఈ పద్ధతి సూర్యుడితో ఆగిపోలేదు. దూరపు నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను చూడాలన్నా ఇదే చిక్కు. మన సూర్యుడితో పోలిస్తే భూమి వెలుగు దాదాపు 1,000 కోట్లలో 1 వంతు. నక్షత్రాన్ని కప్పి, దాని చెదిరిన కాంతిని పట్టి ఆపితే తప్ప పక్కనున్న గ్రహం కనిపించదు. 2021 డిసెంబరు 25న ప్రయోగించిన జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపులో ఈ పని కోసం కరోనాగ్రాఫ్‌లు ఉన్నాయి. వాటిలోనూ లియో స్టాప్ ఉంది. చంద్రుడి మీద ఒక బిలానికి, అంగారకుడి మీద ఒక బిలానికి లియో పేరు పెట్టారు. పిక్ దు మిదీ మీద ఉన్న 2 మీటర్ల టెలిస్కోపు కూడా ఆయన పేరుతోనే ఉంది.

మసకగా ఉన్నదాన్ని చూడాలంటే ఇంకా పెద్ద టెలిస్కోపు కావాలని మనం అనుకుంటాం. లియో వాడినవి పెద్ద టెలిస్కోపులు కావు. కరోనా ఎప్పుడూ అక్కడే ఉంది. దానికి అడ్డుగా ఉన్న వెలుగు ఎక్కడెక్కడి నుంచి వస్తోందో ఆయన ఓపికగా వెతికి, ఒక్కొక్కటిగా తీసేశారు. ఆకాశాన్ని నిందించే ముందు తన చేతిలోని లెన్సును పరీక్షించుకోవడమే ఆయన విజయానికి మొదటి మెట్టు. పరీక్షలో లెక్క తప్పినప్పుడు ప్రశ్నపత్రాన్ని తిట్టుకునే ముందు మన కాగితాన్ని ఒకసారి తిరగేసి చూసుకోవడం కూడా అలాంటిదే.

వచ్చే బదిలీలో మీకు ఏ ఊరు వస్తుందో తెలియదు. ఎక్కడికి వెళ్ళినా, మొదటి ఉదయం సూర్యుడికి దూరంగా తల తిప్పి అక్కడి ఆకాశం రంగు ఒకసారి గమనించండి. సూర్యుడి వైపు మాత్రం నేరుగా ఎప్పుడూ చూడకండి. ఆ ఆకాశం ముదురు నీలంగా కనిపిస్తే, అలాంటి చోటు కోసం పరికరాలతో కొండ ఎక్కిన బెర్నార్డ్ లియోను తప్పక గుర్తుచేసుకోండి.